ఎడమవైపు కాజాలు

చిన్నమ్మడూ,

నీ పని నీకొచ్చేసింది. ఒకటో తారీఖు నుంచి మళ్ళీ రెండో లైనుకి సూపర్‌వైజరువి నువ్వే. ఓనరుగారు ఇవాళ పొద్దున స్వయంగా తన నోటితో అన్నాడు. సంతోషంలో గబగబా రాస్తున్నాను తల్లీ, అక్షరాలు వంకరటింకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

దేశాల మధ్య కొత్త ఒప్పందమైందట. మన చొక్కాలు ఏడాదికి ఇన్నే రావాలని కొనే దేశంవాళ్ళు పెట్టిన కోటా ఎత్తేశారు. ఎనిమిది నెలలుగా రేవులో మగ్గుతున్న మన పన్నెండు వందల చొక్కాలూ నిన్న ఓడెక్కాయి. మూలపడ్డ మిషన్లకి నూనె పెడుతున్నారు.

అవి ఆగిపోయింది నావల్లేనని నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మనిద్దరం కూడా ఒక్కసారైనా ఆ మాట అనుకోలేదు. మగవాళ్ళ చొక్కాల కోటా నిండిపోయిందనే కదా ఆడవాళ్ళవి కుట్టించారు. కాజాలు కుడివైపుంటే ఆడచొక్కా, ఎడమవైపుంటే మగచొక్కా, అక్కడి అధికార్లు చూసేది అదే. "నాన్నా, ఈసారి కుడివైపు" అని నువ్వు రెండుసార్లు చెప్పి, జ్వరంతో మూడు రోజులు పడుకున్నావు. నేను తలూపాను. ముప్పై ఏళ్ళు ఎడమవైపు కొట్టిన చెయ్యి, దాని దారిన అది కొట్టుకుంటూ పోయింది. బొత్తాలవాళ్ళు నా కాజాలు చూసి కుట్టారు. అన్నీ మగచొక్కాల లెక్కలో పడి రేవులో ఆగిపోయాయి. తీరా ఓనరుగారు నిలబెట్టి అడిగితే, నేను నోరు తెరిచేలోగా నువ్వు "చెప్పడం మరిచిపోయాను సార్" అన్నావు. తెరిచిన నోరు మూసేసుకున్నాను. ఈ వయసులో తీసేస్తే ఇంకెవరు పెట్టుకుంటారని భయం. నువ్వు ఊరుగాని ఊళ్ళో మందుల గోడౌనులో అట్టపెట్టెలు మోస్తుంటే, నేను రోజూ నీ ఖాళీ కుర్చీ పక్కనుంచే మిషను దగ్గరికి నడిచాను.

ఇవాళ వెళ్ళి ఓనరుగారికి అంతా చెప్పేశాను.

"ఎనిమిది నెలలు నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా తాతా?" అన్నాడు.

"భయం బాబూ" అన్నాను.

"అమ్మాయిని రమ్మను. నువ్వు మాత్రం మళ్ళీ మిషను జోలికి రాకు" అన్నాడు.

నా కత్తెర తెచ్చేసుకున్నాను. ముఖంలో నవ్వు ఆగకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ "ఏం తాతా, లాటరీ తగిలిందా?" అన్నాడు. పని పోయిందంటే నమ్మలేదు.

ఈ సంగతి అందరికీ తెలియాలి. పనొచ్చిందని కాదు, తప్పు నీది కాదని. నువ్వుంటున్నది పిన్ని ఇంట్లోనే కాబట్టి ఆవిడకి చదివి వినిపించు, నన్ను కాపాడదామని మధ్యలో ఏదీ మింగెయ్యకు. నీకు కళ్ళు నెత్తికెక్కాయన్న మీ పెదనాన్నకి చెప్పు. మేనత్తకి కాస్త గట్టిగా చెప్పు, ఆవిడకి వినపడదు. అన్నయ్యకీ వదినకీ విడివిడిగా చెప్పు, ఒకరికి చెబితే రెండోవాళ్ళకి చేరదు. ఇక మీ అమ్మ. ఎనిమిది నెలలుగా నిన్ను తిడుతూ నాకు అన్నం వడ్డించింది. ఆవిడకి నేనే చెప్పాలి. ముందు ఈ ఉత్తరం డబ్బాలో వేసి, వెనక్కి తీసుకునే వీల్లేకుండా చేసుకుని, అప్పుడు ఇంట్లోకి వెళతాను.

ఇక నీ ఎదట తలెత్తుకోగల
నాన్న