ఆముదం పట్టించిన బెత్తం

దాసు మాస్టారూ,

దీన్ని మీకు చేర్చే పోస్టుమాను లేడని తెలిసే రాస్తున్నాను. యుద్ధం గెలిచామట. ఈ రోజు మన గురజాల హైస్కూల్లో పిల్లలందరినీ ఎండలో నిలబెట్టి, తలా ఒక పటికబెల్లం ముక్క చేతిలో పెట్టి, చక్రవర్తికి జై కొట్టించారు. పట్టాళంలో చేరి బర్మాలో పోయిన మీ పేరు ఒక్కరూ ఎత్తలేదు.

మీ అబ్బాయి జై కొట్టలేదు. మీ స్థానంలో వచ్చిన డ్రిల్లు మాస్టారు బెత్తం అందుకున్నాడు. ప్రతి సోమవారం మీరు ఆముదం పట్టించి, "నా కొడుకు పెద్ద క్లాసుకి, ఫోర్తు ఫారానికొచ్చినా ఇది ఇరగదయ్యా, తెలుగు మాస్టారూ" అని నాకు చూపించి మురిసిపోయిన బెత్తమే అది.

అరచెయ్యి వాచిపోయాక మీ అబ్బాయి అడిగాడు: "అది మా నాయనది సార్. కొట్టటం అయినాక నాకిస్తారా?"

"మీ నాయనదేందిరా? ఇది స్కూలు సొమ్ము. రెండో చెయ్యి చాపు."

చాపాడు.

మీ మాట పొల్లు పోలేదు మాస్టారూ. మీ అబ్బాయి ఫోర్తు ఫారానికొచ్చాడు. బెత్తం విరగలేదు.