సగంలో ఆగిన గోడ

నాయనా సాహిల్, తిప్పేష్ వాళ్ళవ్వను రాస్తున్నాను. గుత్తిలో మీ అమ్మ బాగుందా?

ఉరవకొండ నెట్ సెంటర్లో, కంప్యూటర్ ఆటలో మీరిద్దరూ కట్టిన ఊరిని తిప్పేష్ మళ్ళీ తెరిచాడు. నన్నూ పిలుచుకుపోయి చూపించాడు. చెరువు నిండుగానే ఉంది. గోడే సగంలో ఆగింది. ఆ సందులో తోడేళ్ళు దూరి మీ ఊరి గొర్రెలను పట్టుకుపోతాయని నాకు ఒకటే దిగులు.

"మూసేయరా" అంటే, "అది సాహిల్ గోడవ్వా. వాడే కట్టల్ల" అన్నాడు. రోజూ పోయి దాని ముందరే కూర్చుంటాడు.

మీరెందుకు కొట్లాడారో అడగను. అమావాస్య దాటితే ఆ కంప్యూటర్లు అమ్మేస్తారంట, మీరు కట్టిన ఊరు ఇంక ఉండదంట. అంతలోపల రా. వాడితో మాట్లాడకపోయినా సరే, గోడ కట్టిపో. వాడి పక్కన ఇంకో కుర్చీ వేయమని షాపాయనకు చెప్పి వచ్చాను.

ఎండ ఎక్కకముందే బస్సెక్కు.

తిప్పేష్ అవ్వ