పద్నాలుగో గడిలో మేక

సంఖ్య 212
మహిళా వసతి గృహ కార్యాలయం,
విశ్వవిద్యాలయ ప్రాంగణం, తార్నాక
సెప్టెంబరు 2

అంబర్‌పేట్‌లో పరుశురాం గారి ఇంట నివసించు దరఖాస్తుదారు కుమారి నవతకు తెలియజేయునది:

వసతి గృహంలో సీటు కోరుతూ మీరు పెట్టిన దరఖాస్తు పరిశీలించడమైనది. పద్నాలుగో గడిలో "మీరు చదువుకోవడానికి వ్యక్తిగత కారణం" అన్న ప్రశ్నకు మీరు "మేక" అని రాసినారు. నియమాల ప్రకారం గదులలో కుక్క, పిల్లి, చిలుక తదితర జీవులను ఉంచుకొనుట నిషిద్ధము. మేక కూడా తదితర జీవుల కిందికే వచ్చును. కావున మేకను తీసుకురానని రాతపూర్వకంగా హామీ ఇచ్చేవరకు మీ సీటు నిలిపివేయడమైనది.

ఇట్లు,
నరహరి, పర్యవేక్షకుడు

తా.క.: కంప్యూటర్ మరమ్మతులో ఉన్నందున ఈ లేఖ చేతితో రాయబడినది. మేకకు కొమ్ములు ఉన్నవో లేవో తెలుపగలరు.

*

అంబర్‌పేట్
సెప్టెంబరు 6

గౌరవనీయులైన నరహరి గారికి నవత నమస్కారాలు.

మీ ఉత్తరం అందగానే దాన్ని పట్టుకుని మీ ఆఫీసుకే వచ్చాను సార్. కిటికీ దగ్గరున్నాయన తల ఎత్తకుండానే, "ఏమున్నా కాయితం మీద రాసి డబ్బాల వెయ్యమ్మా. నోటిమాట ఫైలుకెక్కది" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

నేను మేకను తీసుకురాను. పద్నాలుగో గడి నా బొటనవేలంత ఉంది. ఉన్నదంతా రాద్దామంటే పట్టలేదు, లేనిది రాయడం ఇష్టం లేక ఒక్క మాటతో ఆపాను. దాని వెనక సంగతి ఇది.

మాది జనగామ దగ్గర పల్లె. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి పోలేదు. నేనూ పోయేదాన్ని కాదు. కానీ మా నానమ్మ పోచమ్మకు ఒక మేక ఉండేది. అది రోజూ బడి గంట వినగానే తాడు తెంపుకుని వెళ్ళి పిల్లల నోటుబుక్కులు తినేది. ఒకసారి గోడకున్న భారతదేశ పటంలో దక్షిణ భాగం మొత్తం తినేసింది. ఆ రోజు సారు మా ఇంటికి వచ్చారు.

"పోచమ్మా, నీ మేకకు కావలి పెడ్తవా, నన్ను బదిలీ చేయించుకొని పొమ్మంటవా?"

"నువ్వెందుకు పోతవు సారూ. గీ పోరి ఉత్తగనే తిరుగుతున్నది, దీన్ని కూసోబెడ్త."

అలా ఆరేళ్ళ వయసులో బడి గుమ్మం దగ్గర తాడు పట్టుకుని కూర్చున్నాను. మేక ఆకులు నమిలేది, నేను పాఠాలు వినేదాన్ని. ఒకరోజు సారు "ఏడు ఎనిమిదులు ఎంత?" అని అడిగితే క్లాసంతా పైకప్పు వైపు చూసింది. బయటి నుంచి నేను "యాభై ఆరు" అన్నాను. సారు బయటికి వచ్చి నన్ను చూశారు, మేకను చూశారు. కాసేపు ఆలోచించి, నేనే అయి ఉంటానని నిర్ణయించుకుని లోపలికి రమ్మన్నారు.

దయచేసి సీటు త్వరగా ఇప్పించండి. చిన్నాయన ఇంట్లో ఒక్క గదిలో ఆరుగురం ఉంటున్నాం. ఈ నెల ముప్పై లోపు హాస్టల్ దొరకకపోతే చదువు ఆపి ఇంటికి రావాలని నాయన చెప్పారు.

వినయంతో,
నవత, ఎం.ఏ. సోషియాలజీ, మొదటి సంవత్సరం

తా.క.: కొమ్ములు ఉండేవి సార్. ఎడమది ఒకసారి మా సారుకు తగిలింది కూడా. ఇప్పుడు ఆ మేక లేదు.

*

సంఖ్య 212 (రెండవ లేఖ)
తార్నాక, సెప్టెంబరు 10

కుమారి నవతకు:

మీ హామీ అందినది. అయితే మేక "ఇప్పుడు లేదు" అని రాసినారే గానీ, లేనట్టు ఆధారం జతపరచలేదు. గతంలో ఒక విద్యార్థిని కుక్కను ఊరికి పంపినట్టు నోటితో చెప్పి మంచం కింద దాచిన ఉదంతము కార్యాలయ రికార్డులలో కలదు. కావున మీ ఇంట మేకలు లేవని గ్రామ పంచాయతీ కార్యదర్శి నుంచి ధ్రువపత్రం పంపవలెను.

ఇట్లు,
నరహరి, పర్యవేక్షకుడు

తా.క.: మిమ్మల్ని సారు లోపలికి పిలిచిన తర్వాత మేక తాడు ఎవరు పట్టుకున్నదీ మీ లేఖలో లేదు. నానమ్మ ఒప్పుకున్నదీ లేనిదీ కూడా లేదు. ఫైలు అసంపూర్ణంగా ఉన్నది.

*

అంబర్‌పేట్
సెప్టెంబరు 17

నరహరి గారికి నమస్కరించి నవత రాస్తున్నది.

ధ్రువపత్రం జతచేశాను. అది దొరికిన తీరు మీకు చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం మీ ఆఫీసుకు రాబోతోంది.

నాయనకు ఫోన్లో సంగతి చెప్పాను.

"ఏంది బిడ్డా, మేక ఉంటే సీటియ్యరా?"

"ఇయ్యరట నాయినా."

"గొర్రె ఉంటే?"

"గొర్రె సంగతి అడగలే."

"అడగకు. మనకు రెండున్నయి."

నాయన పంచాయతీ ఆఫీసుకు వెళ్ళారు. కార్యదర్శి భూపాల్ గారు మూడుసార్లు అడిగి, నవ్వాపుకుని ముద్ర వేశారు. అప్పుడు అక్కడ పింఛన్ల కోసం జనం కూర్చుని ఉన్నారు. మేకలు లేవని కాగితం రాయించుకుని హైదరాబాద్ పంపుతున్నారంటే, లేనివాళ్ళకు అక్కడ మేకలిస్తున్నారని వాళ్ళు అర్థం చేసుకున్నారు. సాయంత్రానికి భూపాల్ గారు మరో పందొమ్మిది ధ్రువపత్రాలు రాశారు. మా పక్కింటి లచ్చయ్య తనకున్న నాలుగు మేకలను బావమరిది ఇంటికి తోలి వచ్చి మరీ లేవని రాయించుకున్నాడు. అందరూ చిరునామా అడిగితే నాయన మీదే ఇచ్చారు. ముందుగానే క్షమాపణలు కోరుతున్నాను.

ఇక ఫైలు పూర్తి కావడానికి: నానమ్మ ఒప్పుకోలేదు. "పోరి లోపలికి పోతే మేకనెవలు పట్టాలె, నువ్వు పడ్తవా?" అని సారును అడిగింది. సారు పట్టారు. తాడును తన కుర్చీ కాలికి కట్టుకున్నారు. ఆ ఏడాదంతా మాకు కూర్చునే పాఠాలు చెప్పారు. ఆయన లేచి నిలబడితే కుర్చీ బయటికి పోయేది.

సీటు కోసం ఎదురు చూస్తూ,
నవత

తా.క.: చిన్నాయన ఇంట్లో టీవీ, కుక్కర్, నేను ఒకే గోడకు ఆనుకుని ఉంటాం. మొన్న పిన్ని విజిళ్ళు లెక్కపెట్టమంటే లెక్కపెడుతూ సెమినార్ పేపర్ రాశాను. అందులో గ్రామీణ కుటుంబాలు మూడు విజిళ్ళ తర్వాత మారుతాయని ఉంది. మా ప్రొఫెసర్ దాని కింద ఎర్రగీత గీశారు.

*

సంఖ్య 212 (మూడవ లేఖ)
తార్నాక, సెప్టెంబరు 21

కుమారి నవతకు:

ధ్రువపత్రం అందినది. దానితోపాటు మీ గ్రామం నుంచి మేకలు కోరుతూ పందొమ్మిది దరఖాస్తులు కూడా అందినవి. విశ్వవిద్యాలయం మేకలను ఇవ్వదనీ, పుచ్చుకోదనీ అందరికీ విడివిడిగా జవాబులు రాయబడినవి.

ఇక మీ విషయం. మీరు చదువుకోవడానికి కారణం మేక అని మీ దరఖాస్తులో ఉన్నది. మీ ఇంట మేక లేదని ఇప్పుడు ధ్రువపడినది. అనగా మీరు చదువుకోవడానికి కారణం లేదని తేలుచున్నది. కారణం లేని దరఖాస్తుకు సీటు ఇచ్చుటకు వీలుపడదు. కావున పద్నాలుగో గడిలో "ఉద్యోగం" అని మార్చి కొత్త దరఖాస్తును 28వ తేదీలోగా సమర్పించవలెను. లేనిచో మీ దరఖాస్తు తిరస్కరించబడును.

ఇట్లు,
నరహరి, పర్యవేక్షకుడు

తా.క.: లచ్చయ్య గారు మేక లేకుంటే బర్రె అయినా సరేనన్నారు. ఆయనకు రెండు జవాబులు రాయవలసి వచ్చినది.

ఇంకొక తా.క.: ఉద్యోగం అని అందరూ రాసినారు. రాస్తే మీకు సీటు వస్తుంది. రాయకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తున్నది. ఈ రెండో తా.క.ను ఎవరికీ చూపించవద్దు.

*

అంబర్‌పేట్
సెప్టెంబరు 25

నరహరి గారికి, నవత నమస్కారం చేసి చెప్పుకునేది.

కొత్త ఫారం తీసుకున్నాను. తార్నాకలో మెట్రో మెట్ల మీద కూర్చుని పదమూడు గడులు నింపాను. పద్నాలుగో దాని దగ్గర పెన్ను ఆగింది. ఇంటికి తెస్తే పిన్ని చూసి, "రాసిపారెయ్యవే. గడిల ఏముంటే ఏంది, నీకు గది కావాల్నా వద్దా?" అంది. గది కావాలి. పిన్నికి నేను ఖాళీ చేసే చోటు కూడా కావాలి. ఆమె మాటలో తప్పు లేదు.

ఉద్యోగం కూడా నాకు కావాలి సార్. మా ఇంటికి చాలా అవసరం. కానీ తాడు పట్టుకుని గుమ్మంలో కూర్చున్న ఆరేళ్ళ పిల్లకు ఆ మాటే తెలియదు. ఇప్పుడు నేను ఉద్యోగం అని రాస్తే ఆ పిల్లను అక్కడి నుంచి లేపి పంపేసినట్టు ఉంటుంది.

మేక వల్ల బడికి వెళ్ళాను. ఎందుకు మానలేదో కూడా చెబుతాను. రెండో తరగతిలో ఉండగా ఒకరోజు పంచాయతీ గోడ మీద "ఇక్కడ చెత్త వేయరాదు" అని చదివాను. పుస్తకం బయట నేను చదివిన మొదటి వాక్యం అది. అంతవరకు నాకు తెలిసిందంతా ఎవరో ఒకరు చెప్పిందే. ఇది ఎవరూ చెప్పలేదు, గోడ మీద నుంచి నేనే తీసుకున్నాను. ఆ గోడ కిందే ఊరి చెత్తంతా ఉంది. పాపం ఎవరికీ చదవడం రాదు కదా అనుకుని, వారం రోజులు అక్కడే నిలబడి, బుట్టతో వచ్చిన ప్రతివాళ్ళకూ చదివి వినిపించాను. నానమ్మ బుట్ట వెనక్కి తీసుకుపోయింది. సర్పంచి మాత్రం "తెలుసు బిడ్డా, గా మాట రాయించింది నేనే" అని బుట్ట అక్కడే బోర్లించాడు.

చదవడం వచ్చినవాళ్ళు అలా ఎందుకు చేస్తారన్నది ఆ రోజు నుంచి నాకు తెలుసుకోవాలని ఉంది. దానికి సోషియాలజీ అని పేరుందని డిగ్రీలో తెలిసింది. ఇంకా జవాబు దొరకలేదు. రెండేళ్ళు చదవనిస్తే దొరకవచ్చు.

కారణం మార్చలేను. సీటు ఇవ్వకపోతే ముప్పై తేదీన నాయన వచ్చి తీసుకుపోతారు. పాత దరఖాస్తునే మళ్ళీ పరిశీలించమని వేడుకుంటూ,

నవత

తా.క.: మీ చేతిరాత చాలా బాగుంటుంది సార్. "ళ" దగ్గర మాత్రం కొంచెం భయపడుతున్నట్టు ఉంటుంది.

*

తార్నాక
సెప్టెంబరు 27

నవత బిడ్డకు దీవెనలు పెట్టి రాస్తున్న.

నేను నరహరి సారును కాను. ఆయన ఆఫీసు ఊడ్చి, నీళ్ళు పెట్టి, ఫైళ్ళు మోసే రాములవ్వను. ఇప్పటిదాక నీకొచ్చిన ఉత్తరాలన్నీ నేను రాసినవే. కంప్యూటర్ చెడిపోయినప్పుడు సారు నాతోని, "రాములవ్వా, నీ రాత గుండ్రంగున్నది. పాత లెటర్ చూసి దింపు, సంతకం నేను పెడ్త" అన్నడు. మేకకు పాత లెటర్ దొరకలే. కుక్క ఫైలు దొరికింది. కుక్క ఉన్నకాడ మేక అని రాసుకుంట పోయిన. కుక్క ఫైలు అయిపోయినంక ఇంకో ఫైలు తీసిన. సారు ఏదీ చదవలే, సంతకాలు పెట్టిండు. అడుగున రాసిన తా.క.లు మాత్రం ఏ ఫైల్లోనివి కావు. అవి నావి.

నాకు యాభై రెండేళ్ళు. ఓపెన్ స్కూల్ల పదో తరగతి కట్టిన. మా ఇంట్ల నేనే మొదలు.

నీ ఆఖరి ఉత్తరం సారుకియ్యలే. పట్టుకొని పైకి, వార్డెన్ వైదేహి మేడం దగ్గరికి పోయిన. "మీరు చదవొద్దమ్మా, నేను చదువుత, వినుండ్రి" అని మొదటి నుంచి అన్నీ నిలబడి చదివిన. ఒకరి ముందట గంత సేపు చదువుడు నాకు అదే మొదలు. మీ సారు కుర్చీకి తాడు కట్టుకున్న కాడ మేడం కండ్లద్దాలు తీసి నవ్వింది. పంచాయతీ గోడ కాడికొచ్చేసరికి నవ్వలే. సారును పిలిచింది.

"నరహరి గారూ, పద్నాలుగో గడిని బట్టి మనం ఎప్పుడైనా సీటు ఆపామా?"

"లేదు మేడం. ఆ గడి ఎవరూ చదవరు."

"మరి దీన్ని ఎవరు చదివారు?"

సారు నా దిక్కు చూసిండు. నిజమే బిడ్డా, నేనే చదివిన. ప్రాక్టీసుకని మూడువందల ఫారాలు మొత్తం చదివిన. అన్నిట్ల ఉద్యోగం, ఉద్యోగం అనే ఉన్నది. ఒక్క దాంట్ల మేక ఉన్నది. వేలు పెట్టి "సారూ, గిదేంది?" అని అడిగితే, సారు సరిగ చూడకుండనే జీవాలను తేవద్దని లెటర్ రాయమన్నడు. నాకు చదువు రాకపోతే నీకు మొదటి వారమే గది దొరుకుతుండె. మాఫ్ చెయ్యి.

నీకు పై అంతస్తుల ఆరో నంబరు గది ఇచ్చిండ్రు. మేడం సంతకం చదివే పెట్టింది, నేను చూసిన. ముప్పై తారీఖున మీ నాయనను రానియ్యి. ఊరికి తోలుకపోతందుకు కాదు, అంబర్‌పేట్ నుంచి నీ పెట్టె మోసుకొస్తందుకు. చాయ్ నేను పోస్త.

ఇట్లు నీ మేలు కోరే
రాములవ్వ

తా.క.: నీ ఉత్తరాలన్నీ సారు పేరు మీద వచ్చినయి. నా పేరు మీద ఇంతవరకు ఎవ్వలూ ఒక్క ఉత్తరం రాయలే. గది దొరికినంక నాకొకటి రాయి. నీ గది నుంచి మా ఆఫీసు పన్నెండు మెట్లే, అయినా చేతికియ్యకు, పోస్టుల వెయ్యి. పోస్టాయన వచ్చి "రాములవ్వ గారు ఎవరండీ?" అని అందరి ముందట అడగాలె.