డార్క్వా చేతి విషయమై అడొమాకో రాయించిన నిజం

నేను, ఆచింపోను కాపురస్తుణ్ణి, క్వాకు అడొమాకో అనేవాణ్ణి, వయస్సు డెబ్భై ఒకటి. నలభై ఏళ్లు హైలైఫ్ అనే మా ఆటపాటల సంగీతంలో జాజ్ కలిపి ట్రంపెట్ ఊది బతికాను. ఊపిరితిత్తులు పాడయ్యాయి గానీ బుర్ర నిక్షేపంలా ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా లాయరు అద్దో చేత ఇది రాయిస్తున్నాను. అమలు బాధ్యత కూడా ఆయనదే. నా నలభయ్యో రోజు కర్మకు చుట్టాలూ మా రాజుగారి కోట పెద్దలూ కూర్చున్నప్పుడు దీన్ని పైకి చదవాలి. మూడో అంశం మింగేసి చదివించినవాడికి నా ఆస్తిలో పుల్లముక్క కూడా దక్కదు.

1. నేను కట్టించిన ఇల్లు, ఆస్తి మేనల్లుడికే పోయే మా ఆచారం ప్రకారం, నా చెల్లెలి కొడుకు ఒపోకుకు చెందును. వీడు మూడేళ్లుగా నా దగ్గు వింటూ గదులు కొలుచుకుంటున్నాడు. కొలుచుకోనివ్వండి. అయితే వెనకగదిలో నా కూతురు అబెనా బతికినంతకాలం ఉండును. ఆమె సామాను వీధిలో పడేసిన రోజున ఇల్లు చర్చికి పోవును.

2. నా టేపులూ, పండగలకు కప్పుకునే నీలం కెంటె నేతబట్టా అబెనాకు. తల్లీ, ఆరేళ్లప్పుడు స్వరం తప్పావని నీ చెంప పగలగొట్టాను. పెదవి చిట్లి రక్తం కారింది. ఆ తప్పు స్వరమే బావుందని మర్నాడు పాటలో వాడుకున్నాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది.

3. ఇది ఆస్తి సంగతి కాదు. నా బృందంలో డ్రమ్స్ వాయించిన క్వాజో డార్క్వా, కోట నగారాలు వాయించే వంశంవాడు. ఆ నగారాల మీద రాజు పేరు పలుకుతుంది. రాజు లేచి నిలబడితే తప్ప ఆ దరువు వాయించరు. నా జాజ్ సోలో కింద నాకు అదే కావాల్సొచ్చింది.

“అన్నా, అది దరువు కాదు, పేరు. రాజు లేనిచోట పలికిస్తే రక్తం కళ్లజూస్తారు” అన్నాడు డార్క్వా.

“పిరికి వెధవా, వాయిస్తావా, ఇంకొకణ్ణి చూసుకోనా?” అన్నాను. వాయించాడు. హాలు హాలంతా లేచి ఆడింది.

మర్నాడు మధ్యాహ్నం మా పెరట్లో సాధన చేస్తుంటే కోట మనుషులు నలుగురు కత్తులతో వచ్చిపడ్డారు. గిటార్ వాయించేవాడి తల పగలగొట్టారు. “ఆ పేరు పలికించింది ఎవడ్రా?” అన్నారు. నేను డార్క్వాను చూపించాను. “వీడే. వద్దన్నా వినలేదు” అన్నాను. వాడు నా వంక చూశాడు గానీ కాదనలేదు. వాడి కుడిచేతిని ఫూఫూ ముద్దకు దుంపలు దంచే రోట్లో పెట్టి రోకలితో దంచారు. అయిదు వేళ్లూ అయ్యేదాకా దంచారు. ఎముకలు విరగడం విన్నాను. నా ఒంటిమీద ఒక్క దెబ్బా పడలేదు. ఆ పాటతోనే నాకు పేరొచ్చింది. ఇరవై రెండేళ్లు సిగ్గులేకుండా ఊదాను. దరువు పెట్టించింది నేనే. అబద్ధం చెప్పిందీ నేనే.

4. నా ట్రంపెట్, ఆ పాట మీది సమస్త హక్కులూ డార్క్వాకు చెందును.

అనుబంధం: పై నాలుగో అంశం రద్దు. ఇవాళ సంతకాలకు ముందు డార్క్వాను పిలిపించి అంతా చదివి వినిపించాను. సాక్షిగా సంతకం చేసినవాడికి వీలునామాలో రాసింది ఏదీ దక్కదని లాయరు మాటవరసకు అన్నాడు. డార్క్వా వెంటనే అందుకున్నాడు.

“నీ బాకా నాకెందుకన్నా? రేపు వీళ్లంతా ముసలాడికి మతిపోయి వాగాడంటారు. ‘అవును, జరిగింది’ అని చెప్పేవాడొకడు ఉండాలి. కాగితం ఇటు తే.”

నన్ను క్షమించావా అని అడిగాను. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు. నన్ను పాతిపెట్టే రోజునే ట్రంపెట్‌ను లాయరు నా శవపేటికలో పడేయాలి.

ఆచింపోను, 9 జూన్ 1983

(సంతకం) క్వాకు అడొమాకో

సాక్షులు:
1. ఎస్తర్ బాదు, లాయరుగారి గుమాస్తా
2. క్వాజో డార్క్వా, ఎడమచేత్తో