ఒక్కపొద్దులు మానేశానమ్మా

మెదక్,
ఆదివారం

అమ్మకు నీ పెద్దబిడ్డ సరిత దండాలు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాయిన బీడీలు తగ్గించాడా? మేమిద్దరం బాగున్నాం, నా గురించి బెంగ వద్దు. ఫోన్లో నా మాట సగంలోనే తెంపేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. ఆయన రైస్‌మిల్లుకు, నేను బట్టల షాపుకు పోతున్నాం. వచ్చిన కొత్తలో మాట్లాడే మనిషి లేక ఏడుపొచ్చేది. ఇప్పుడు పక్కింటి సుగుణ టీచరమ్మ ఉంది. ఆమె చర్చికి, నేను గుడికి, సాయంత్రం చాయ్ మాత్రం ఇద్దరికీ ఒకచోటే.

అసలు సంగతి విను. నెలసరి మళ్లీ తప్పింది. కడుపు కాదమ్మా. నేను ఏడుస్తుంటే టీచరమ్మ "గట్ల ఏడిస్తే ఏమొస్తది? దవాఖానకు పోదాం పా" అని లాక్కుపోయింది. డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. నా ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదట, అందుకని ఇంకా ఇంకా ఊరుతోందట. అదీ, పెరిగిన కొవ్వూ కలిసి మెదడును గందరగోళం చేస్తాయట. అండం విడుదల కావాలంటే మెదడు నుంచి ఆగి ఆగి ఒక వరసలో కబురు రావాలట. నాకు ఆ వరసే తప్పింది. విన్నావా? శాపమూ లేదు, దోషమూ లేదు.

ఏం తింటావని డాక్టరమ్మ అడిగితే, పిల్లల కోసం సోమ, శుక్రవారాలు ఒక్కపొద్దు ఉంటానని గొప్పగా చెప్పాను. పగలంతా చక్కెర దండిగా వేసిన చాయ్‌లు, పొద్దుగూకాక కంచం నిండా అన్నం, పైన పరమాన్నం. ఆమె తల పట్టుకుంది. "గీ ఒక్కపొద్దులు బంద్ చెయ్యమ్మా. టైముకు తిను, రోజూ నడువు. బరువు జర తగ్గినా నెలసరి దారిల పడొచ్చు" అంది. మందులూ రాసింది.

మానేశాను. దేవుడి మీద కోపంతో కాదు. రోజూ టీచరమ్మతో నడుస్తున్నాను, రాత్రి జొన్నరొట్టె తింటున్నాను. వీలైతే మన జొన్నపిండి పంపు.

చెల్లి శ్రీమంతానికి నన్ను రావద్దన్నావు. కడుపు పండనిదాని చెయ్యి తగలొద్దని మేనత్త అంటే నువ్వు తలూపావట. మేనత్త అన్నందుకు కోపమొచ్చింది, నువ్వు తలూపినందుకు ఏడుపొచ్చింది. నేను వస్తున్నానమ్మా. నాకు పిల్లలు పుడతారని డాక్టరమ్మ కూడా మాట ఇవ్వలేదు. పుట్టినా పుట్టకపోయినా చెల్లికి మొదటి గాజు నేనే తొడుగుతాను. చూడలేని వాళ్లను ఆ పూటకు ఇంట్లోనే ఉండమను.

పెద్దలందరికీ నా దండాలు, మేనత్తకు కూడా. నన్ను దీవించు. తొందరగా తల్లివి కావాలని మాత్రం దీవించకు. సల్లగుండు బిడ్డా అను, చాలు.

నీ బిడ్డ,
సరిత