ఉత్తరాన బంగారు వెలుగు

రత్నమ్మా,

నిన్ను మట్టిలో పెట్టి ఏడాదైంది. ఉత్తరదిక్కున బంగారు వెలుగు పుడుతుందని పరిశుద్ధ గ్రంథంలో ఉంది కదా, చలికాలం వరికోతలయ్యాక ఆలుమగలం కలిసి పోయి చూద్దామనుకున్నాం. కామారెడ్డిలో రైలెక్కితే చాలని ఊరూరా గొంతు చించుకుని చెప్పాను కూడా.

నిన్న ఎల్లారెడ్డి నుంచి నడిచి నడిచి స్టేషనుకు చేరాను. టికెట్లిచ్చే బాబు నవ్వాడు.

"ఏంది పెద్దాయనా! ఆ వెలుగు సముద్రాల అవతల, మంచుదేశంల కనిపిస్తదట. గాడ దేశాల నడుమ లడాయి నడుస్తున్నది. మా రైలు మన్మాడ్ దాకనే పోతది."

గ్రంథం తెరిచి వాదించేవాణ్ణే, నీకు తెలుసు. నిన్న తెరవలేదు. కోపమే రాలేదు. నువ్వు లేకుండా ఒక్కణ్ణే పోయి చూడాల్సిన పని తప్పిందని, బెంచీ మీద కూలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.