ఉతకని దుప్పటి

చిట్టికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఉత్తరమన్నాక ఈ మాట ముందు రాయాలి గనక రాశాను. అందులో నిజమెంతో కిందికి చదివేకొద్దీ నీకే తెలుస్తుంది. దీన్ని హాస్టల్లో నలుగురి మధ్యా చదవకు. ఎక్కడైనా ఒక మూల కూర్చుని నిదానంగా చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నా చెయ్యి మానింది. ఆవిరి కొట్టినచోట చర్మం కాస్త ముడతపడింది, అంతే. నువ్వు రాసిన మందే వాడాను. "కూతురు నర్సు చదువుకు పోతేగానీ ఈయన మందు రాసుకోలేదు" అని అమ్మ షాపుకొచ్చినవాళ్లందరికీ చెప్పింది. పెద్ద మిషను ఇంకా కుంటుతూనే నడుస్తోంది, దానికీ నా మోకాలికీ పోటీ. ఆసుపత్రి దుప్పట్ల పని ఈ ఏడు కూడా మనకే ఇచ్చారు. వాటి సంగతి నీకు తెలుసు కదా. మామూలు బట్టల్లో కలపకుండా విడిగా మరగబెట్టి, బ్లీచింగ్ వేసి, మళ్లీ మరగబెట్టి తీస్తాను. చిన్నప్పుడు నువ్వు ఆ తొట్టి పక్కకు వస్తే తొడపాశం పెట్టేవాణ్ని. ఏ రోగం ఏ గుడ్డలో దాక్కుంటుందో తెలియదని చెప్పేవాణ్ని. చెప్పడంలో మీ నాన్నను మించినవాడు లేడు.

ఇంకో రెండు ప్రశ్నలు ఉన్నాయి. కొత్త కుక్క ఎలా ఉంది, బల్ల కింద పడుకుంటోందా అని అడిగావు. పోయిన మన పాత కుక్క ఇస్త్రీగాడి దుప్పటి ఉతక్కుండా ఉంచారా అని అడిగావు. రెండోది నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు, నేను ప్రతిసారీ మాట దాటేస్తున్నాను. ఈ రెండింటికీ కలిపి ఒకటే జవాబు రాయాల్సి వస్తుందని నేనూ అనుకోలేదు.

కొత్త కుక్క చచ్చిపోయింది తల్లీ.

ఎలా పోయిందో మొదటినుంచీ చెబుతాను. మధ్యలో తొందరపడి నువ్వే ఏదో అనుకోవద్దు.

మన ఇస్త్రీగాడు పోయాక అమ్మ ఎలా ఉండేదో నీకు సరిగ్గా రాయలేదు. వాడు బల్ల కింద, ఇస్త్రీ చేసిన చొక్కాలా నేలకు అతుక్కుని పడుకునేవాడు కదా. వాడి తోక తొక్కకూడదని అమ్మ ఎడమ కాలు వెనక్కి పెట్టి ఒంటికాలి మీదే బరువేసి పని చేసేది. వాడు పోయి వానాకాలం వెళ్లిపోయినా ఆ కాలు ముందుకు రాలేదు. సాయంత్రానికి నడుం పట్టేసేది. "అక్కడెవరున్నారే, సరిగా నిలబడు" అని నేనొకసారి కసిరాను. అమ్మ కిందికి చూసి, కాలు ముందుకు పెట్టి, ఇస్త్రీ పెట్టె ఆపేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు షాపు నేనొక్కణ్నే నడిపాను. అప్పుడే అనుకున్నాను, ఇంకో ప్రాణాన్ని తెచ్చి ఆ బల్ల కింద పడుకోబెట్టకపోతే ఈ మనిషి నాకు మిగలదని.

దిక్కులేని కుక్కల్ని చేరదీసే ఆశ్రమానికి తీసుకెళ్లాను. అమ్మ రానంటే రానంది. వచ్చాక కూడా గూళ్లవైపు చూడకుండా గోడకున్న సున్నం చూస్తూ నిలబడింది. అన్ని కుక్కలూ మొరుగుతున్నాయి. ఒకటి మాత్రం మొరగలేదు. గోధుమరంగుది, చెవి సగం తెగింది, మెడ చుట్టూ తాడు కోసుకుపోయిన గుర్తు. మురుగు గొట్టంలో ఇరుక్కుని ఉంటే తీశారట. అది గూడులోంచి బయటికొచ్చి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లి, ఆ ఎడమ పాదం మీద గడ్డం ఆనించింది. అమ్మ వంగి దాని తెగిన చెవి నిమిరింది.

ఆశ్రమం నడిపే ఆవిడ గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. అడగాల్సినవన్నీ అడిగింది. ఇంతకుముందు కుక్క ఉండేదా, ఎలా పోయిందని అడిగింది. నెత్తుటి విరేచనాలతో పోయిందని అమ్మ దాచకుండా చెప్పింది. ఆవిడ మొహం మారింది. "ఆ రోగం ఇంట్లో నెలల తరబడి ఉండిపోతుందమ్మా. దీనికింకా ఒక టీకా సూది మిగిలుంది" అంది.

"ఇల్లంతా బ్లీచింగ్‌తో కడిగాను. నా చేతులు చూడండి, ఇంకా తోలు ఊడుతూనే ఉంది. గిన్నె, తాడు, పక్కగుడ్డలు అన్నీ డాక్టరుగారు చెప్పినట్టే కాల్చేశాం" అంది అమ్మ.

"లాండ్రీవాళ్లు, మీకు నేను చెప్పాలా" అని ఆవిడ నవ్వేసింది. "మిగిలిన సూది పడేదాకా వీధిలోకి తిప్పకండి, ఇంట్లోనే ఉంచండి. దానికి ఇంటికి మించిన భద్రం లేదు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. పక్కగుడ్డలు కాల్చాల్సింది నేను. కాల్చేశానని అమ్మకు చెప్పిందీ నేనే. గిన్నె, తాడు, గోనెపట్టా కాల్చాను. దుప్పటి కాల్చలేదు. ఆ నీలం గళ్ల ఉన్ని దుప్పటిని మంటదాకా తీసుకెళ్లి, ఒకసారి ముక్కుకు ఆనించుకుని, వెనక్కి తెచ్చాను. కాగితంలో చుట్టి, షాపులో బట్టలకు వేసే చీటీ ఒకటి దానికీ కట్టి, ఎవరూ తీసుకెళ్లని బట్టలు పెట్టే పై అరలో, పాత కోట్ల వెనక దాచాను. నలభై మంది రోగుల దుప్పట్లు రోజూ మరగబెట్టేవాణ్ని, దాన్ని ముంచడానికి నాకు చేతులు రాలేదు. కట్టి ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను.

అలాగే కట్టి ఉంచినా సరిపోయేది. కొత్తది ఇంటికొచ్చాక ఆవిరి చప్పుడుకు హడలిపోయింది. మిషను బుస్సుమన్నప్పుడల్లా తొట్ల వెనక్కి దూరి, గోడ గీరుతూ వణికేది. బల్ల కిందికి రమ్మని అమ్మ ఎంత పిలిచినా రాలేదు. తిండి ముట్టలేదు. రెండో రోజు సాయంత్రం అమ్మ బట్టలివ్వడానికి బయటికెళ్లినప్పుడు నేను నిచ్చెన వేసుకుని ఆ మూట దించాను. ముందువాడి వాసన తగిలితే ఇది కుక్కలుండే చోటేనని దానికి ధైర్యం వస్తుందనుకున్నాను. బల్ల కింద పరిచి, పైన పాత పంచె ఒకటి కప్పాను. అది మెల్లగా వచ్చింది. వాసన చూసింది. మూడుసార్లు తిరిగి పడుకుని నిట్టూర్చింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అమ్మ వచ్చి చూసి, ఎడమ కాలు వెనక్కి పెట్టుకుని ఇస్త్రీ మొదలుపెట్టింది. ఆ పూట మన ఇంట్లో పండగలాగే ఉంది.

ఆ తర్వాతది నీకు రాయక్కర్లేదు, నువ్వు అదే చదువు చదువుతున్నావు. వారం తిరక్కుండానే తిండి మానేసింది. వాంతులు, తర్వాత నెత్తురు. ఆ వాసన తగలగానే మా ఇద్దరికీ తెలిసిపోయింది. డాక్టరు సీసాలు ఎక్కించాడు. ఆయన బల్ల మీద పడుకుని కూడా అది అమ్మ చెయ్యి వెతుక్కుంది. తెల్లారేసరికి చల్లబడింది. దానికింకా పేరు కూడా పెట్టలేదు. నువ్వు పెడతావని ఆగాం.

ఇంతవరకైతే ఇది ఏడ్చి ఊరుకునే సంగతే. ఈ రోగం ఎక్కణ్నుంచి వచ్చి ఉంటుందని డాక్టరు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది, "మా ఇంట్లో ఏముందండీ, అన్నీ కాల్చేశాం. ఆశ్రమంలోనే అంటుకుని ఉంటుంది." అక్కణ్నుంచి నేరుగా ఆశ్రమానికి వెళ్లి గేటు దగ్గరే నిలబడి ఆవిడను కడిగేసింది. రోగిష్టి కుక్కను అంటగట్టారంది. మీ అమ్మ ఒకరి మీద గొంతెత్తడం ఈ జన్మలో నేను చూడలేదు. అంతటితో ఆగలేదు. షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. మన షాపులో చెప్పిన మాట బట్టల మూటలతోపాటు ఇంటింటికీ చేరుతుంది కదా. కుక్కను తెచ్చుకుందామనుకున్న బడి మాస్టారు మానుకున్నాడు. ఇంకో ఇంటివాళ్లు తెచ్చుకున్నదాన్ని తిరిగి వదిలేసి వచ్చారు.

నిన్న ఆ ఆశ్రమం ఆవిడ షాపుకు వచ్చింది. పోట్లాటకు వచ్చిందనుకున్నాను. క్షమించమని అడగడానికి వచ్చింది.

"తప్పు నా దగ్గరే ఎక్కడో జరిగి ఉంటుందమ్మా. గూళ్లన్నీ కడిగించాను, కుక్కలన్నిటికీ పరీక్షలు చేయించాను. ఏమీ దొరకలేదు. దొరికేదాకా కొత్తవాటిని చేర్చుకోకూడదని గేటు మూసేశాను. మొన్న లారీ కింద పడ్డ దాన్ని తెస్తే వద్దని పంపేశాను. అది బతికుందో లేదో తెలియదు" అంది. చెబుతూ చెబుతూ మొహం కొంగుతో కప్పుకుంది.

నేను లోపల తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చేతికింద చొక్కా కాలిపోయి వాసన వచ్చేదాకా ఇస్త్రీ పెట్టె ఎత్తడం మరిచిపోయాను. ఇన్నేళ్లలో నేను కాల్చిన మొదటి చొక్కా అది. ఆవిడ వెళ్లిపోయాక కూడా అమ్మ ఆ గుమ్మంవైపే చూస్తూ కూర్చుంది.

ఇవాళ పొద్దున ఆ దుప్పటిని పెరట్లో కాల్చాను. ఈసారి నిజంగానే కాల్చాను. నీ కోసం ఒక దారప్పోగు కూడా ఉంచలేదు, అడగొద్దు.

నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు నర్సువి. రేపో మాపో ఇలాంటి రోగాలు పాఠంలో వస్తాయి, అవి గుడ్డల్లో బతుకుతాయని చదువుతావు. అప్పుడు నీకు నీ ఉత్తరాలు గుర్తొస్తాయి. ఉతకొద్దని నేను అడగబట్టే ఇలా జరిగిందని ఆ దూరదేశంలో ఒక్కదానివీ కూర్చుని కుమిలిపోతావు. నీ సంగతి నాకు తెలియదా. అందుకే విను. నువ్వు మొదటిసారి అడిగేనాటికే మూట అర మీదుంది. అదీ కాక, మన షాపులో దీన్ని ఉతకొద్దు, దాన్ని వేడినీళ్లలో వేయొద్దు అని చెప్పేవాళ్లు రోజుకు పదిమంది. చెప్పేవాళ్లు చెబుతారు. ఏది ముంచాలో ఏది ముంచకూడదో తేల్చుకోవాల్సింది తొట్టి దగ్గర నిలబడ్డవాడు. ఆ నిలబడ్డవాణ్ని నేను. నువ్వు కాదు.

ఇది అమ్మకు ఇంకా చెప్పలేదు. నోటితో చెప్పలేనని తేలిపోయింది, నాలుగుసార్లు మొదలుపెట్టి నీళ్లు నమిలాను. ఎప్పటిలాగే ఈ కాగితం మడవకుండా ఇస్త్రీ బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా పెట్టె బరువుంచి వెళ్తాను. అమ్మ చదివి అడుగున తన రెండు ముక్కలు రాస్తుంది. ఈసారి ఆ రెండు ముక్కలు లేకపోతే ఎందుకు లేవో నీకు తెలుస్తుంది. ఆమె ఏమన్నా పడతాను. రేపు ఆశ్రమానికి వెళ్లి ఆవిడకూ చెబుతాను.

వేళకు తిను. చలికి చెవులు కప్పుకో.

ఇట్లు,
నీ నాన్న

చిట్టీ,

మీ నాన్న నాకెప్పుడూ రెండు గీతల చోటే వదులుతారు. ఈసారి కాగితం వెనక్కి తిప్పి రాస్తున్నాను.

దుప్పటి కాల్చేశానని మీ నాన్న చెప్పిన రోజే నాకు తెలుసు, ఆ గళ్ల దుప్పటి కాలలేదని. అంత ఉన్ని కాలిస్తే వీధంతా కంపు కొట్టాలి. ఏ అరలో పెట్టారో సాయంత్రానికల్లా కనుక్కున్నాను. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు నిచ్చెనెక్కి, మూట విప్పి, కాసేపు ఒళ్లో పెట్టుకుని, మళ్లీ ఆయన వేసిన ముడే వేసి పెట్టేదాన్ని. రోజూ అదే పని. ఆశ్రమంలో అన్నీ కాల్చేశామని ఆవిడ మొహం మీద చెప్పింది నేనే, తెలిసే చెప్పాను. నిజం చెబితే కుక్కను ఇవ్వరని. బల్ల కింద పాత పంచె అంచున నీలం గళ్లు కనిపించినప్పుడు కూడా నోరెత్తలేదు. అది హాయిగా పడుకుని ఉంది. దాన్ని లేపలేకపోయాను.

డాక్టరు దగ్గర నా నోటికి ఆశ్రమం పేరెందుకొచ్చిందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. గేటు దగ్గర ఆవిడ మీద అంత అరిచానంటే, ఆగితే నిజం బయటికొస్తుందని భయం. నిన్న ఆవిడ నా ముందు కన్నీళ్లు పెట్టుకుంటే చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ పొద్దున ఆ కంపు వీధంతా కొట్టింది, మీ నాన్న చొక్కాకూ అంటుకుంది. ఏం కాల్చారని నేనడగలేదు.

రేపు ఆయన వెళ్లక్కర్లేదు. అరిచింది నేను, నేనే వెళ్తాను. ఆవిడకు చెప్పి, గేటు తెరిపించి, వస్తూ వస్తూ ఇంటింటికీ చెప్పుకుంటూ వస్తాను. మన మూటలు ఎవరింటికి వెళ్తాయో అన్ని ఇళ్లకూ వెళ్తాను. ఆ తర్వాత ఎవరైనా మనకు బట్టలేస్తారో లేదో తెలియదు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మీ నాన్న పిడికెడు ఆయన రాసుకున్నారు, నాది నేను రాసుకున్నాను. నీకు ఇందులో వాటా లేదు.

మళ్లీ కుక్కను తెమ్మని మాత్రం మమ్మల్ని అడగకు. ఇవాళ రెండు కాళ్ల మీదా నిలబడి ఇస్త్రీ చేశాను.

ఇట్లు,
అమ్మ